ఫోన్ అర్రలో అడగని మాట

నిన్న పొద్దున దోసెల పిండి కలుపుతూ ఫోను చూశాను. మా చుట్టాల గ్రూపులో ఎవరో పెట్టిన గులాబీపూల శుభోదయం కింద, ఇంకెవరో పెట్టిన మామిడికాయ తొక్కు వీడియో పైన, మా పెద్దమ్మ కొడుకు పోయాడన్న వార్త ఉంది. ఫొటో, దండ, జోడించిన చేతుల బొమ్మ. దాని కింద వరసగా అవే చేతులు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. చావు కబురు ఇట్లా చెప్తారా అని పిండి చేతులతోనే కాసేపు నిలబడిపోయాను. తర్వాత ఆ కోపం మీదే నాకు అనుమానం వచ్చింది. చావు కబురు ఫోనులో చెప్పకూడదని కట్టడి చేసుకున్న ఊళ్లో పుట్టినదాన్ని నేను. ఆ కట్టడి ఏం చేసిందో కళ్లతో చూసినదాన్ని.

మా ఊరు సిద్దిపేట పక్క చిన్నకోడూరు నుంచి ఇంకా లోపలికి పోతే వస్తుంది. సగం మగ్గాలు, సగం వ్యవసాయం. మగ్గం కూడు పెట్టని రోజులు వచ్చాక మా వాడలో చాలామంది మగవాళ్లు బొంబాయి పక్కన ఉన్న భీవండి పోయి, కరెంటుతో నడిచే సాంచెల మీద పనిచేసేవాళ్లు. పెళ్లికో చావుకో వస్తే వచ్చినట్టు, లేకపోతే ఉత్తరమే గతి. ఉత్తరం రావడానికి వారం, జవాబు పోవడానికి వారం. జ్వరమొచ్చిందని రాసిన ఉత్తరం ఇక్కడ చదివి ఇల్లంతా ఏడుస్తుంటే, అక్కడ ఆ మనిషి జ్వరం తగ్గి సినిమాకు పోయి వచ్చి ఉండేవాడు.

ఊరికి ఫోను కావాలంటే పెద్ద రోడ్డు నుంచి మా ఊరిదాకా తీగ గుంజాలి, కంబాలు పాతాలి. వచ్చే ఏడు చూద్దాం, ఆపై ఏడు చూద్దాం అని ఆఫీసువాళ్లు తిప్పి పంపిస్తుంటే, మా బాపు ఇంకొందరిని కూడగట్టి సంఘం పెట్టాడు. కంబాలు మేం నిలబెట్టుకుంటాం, తీగ మీరు కట్టండి అని ఒప్పించాడు. సంఘంలో చేరడానికి ఒకటే షరతు, ఇంటికొక గుంత తవ్వాలి. తవ్వినవాళ్లందరిదీ ఫోను. మా వంతు గుంత మొరం నేలలో పడింది. మగ్గం మీద నాడె విసిరే చేతులకు గడ్డపార ఏం తెలుస్తుంది, బాపు అరచేతులు బొబ్బలెక్కి నాలుగు రోజులు మగ్గం గుంటలోకి దిగలేకపోయాడు. చర్చి వాడలోని కూలి పని చేసుకునేవాళ్లు తమ గుంతలు తవ్వుకుని, రాళ్లలో పడ్డ మా నేతగాళ్ల గుంతలకూ చెయ్యేశారు. ఆ తర్వాత ఏ కంబం ఎవరిదో ఊళ్లో అందరికీ తెలుసు. గాలివానకు ఒరిగితే ఆ ఇంటివాళ్లే పోయి నిలబెట్టుకొచ్చేవాళ్లు.

పిల్లలం మాత్రం కంబానికి చెవి ఆనించి నిలబడేవాళ్లం. లోపల జుమ్మని ఒకటే మోత. అవి మాటలేననీ, అన్నీ కలిసిపోయి అట్లా వినపడుతున్నాయనీ నేను చిన్నపిల్లలకు చెప్పేదాన్ని. అబద్ధమాడటంలో నాకు అప్పట్లో మంచి చెయ్యి ఉండేది. మా వెనక మూలింట్లో ఒక చిన్నపిల్ల ఉండేది. "మీ బాపు మాట్లాడుతుండు, ఇను" అంటే కళ్లు మూసుకుని వినేది. "ఏమంటుండు?" అని అడిగితే, "అన్నం తినుమంటుండు" అని చెప్పేది. మేం నవ్వేవాళ్లం.

సంఘం ఫోను నూలు పెట్టుకునే కొట్టం పక్కన ఒక చిన్న గదిలో ఉండేది. అందరూ దాన్ని ఫోన్ అర్ర అనేవాళ్లు. లోపలికి పోతే గంజి వాసన, కొత్త నూలు వాసన. రిసీవరు చెవికి పెట్టుకుంటే మాత్రం ఊరందరి నోళ్ల వాసన, బీడీ, ఉల్లిగడ్డ, ఆకువక్క. దాన్ని రోజూ తడిగుడ్డతో తుడిచేది మా మేనత్త. బాపు కంటే పెద్దది. మొగుడు పోయి పుట్టింటికి చేరిన మనిషి. ఏడో తరగతి దాకా చదివింది గనుక సంఘం ఫోను ఆమె చేతికిచ్చింది. ఊరికంతా ఆమె ఫోనక్క.

ఎవరికి ఫోను వచ్చినా అరగంట ఆగి మళ్లీ చెయ్యమనేది అత్తమ్మ. ఆ అరగంటలో మనిషిని పిలుచుకురావాలి. మగ్గాల చప్పుడులో వీధిలో నిలబడి ఎంత అరిచినా వినపడదు. ఇంట్లోకి పోయి, మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్న మనిషి భుజం తట్టి చెప్పాలి. పిల్లను పాము కరిస్తే సిద్దిపేట దవాఖానకు ముందే చెప్పి పెట్టేది ఫోన్ అర్రే. నూలు వచ్చిందా లేదా కనుక్కునేదీ, పిల్లను చూడటానికి వస్తామన్నవాళ్లు రావడం లేదన్న సంగతి చెవిన వేసేదీ అదే.

శుక్రవారం వస్తే అర్ర ముందు తిరునాళ్లే. అక్కడ సాంచెలకు ఆ రోజు సెలవు. భీవండి నుంచి ఫోన్లు వస్తాయని పొద్దున్నుంచే ఆడవాళ్లు అరుగు మీద చేరేవాళ్లు. ఒకామె గుడాలు ఉడకబెట్టి తెస్తే, ఇంకొకామె సర్వపిండి తుంచి పంచేది. "మంచిగ తింటున్నవా? కాళ్ల నొప్పులు తగ్గినయా?" అని గొంతు చించుకుని అడుగుతుంటే బాపు ఎగతాళి చేసేవాడు. "గింత ఒర్రుడుకు ఫోనెందుకు, ఊరవతల నిలబడి ఒర్రితె భీవండికి ఇనవడదా?" అనేవాడు.

మూలింటి ఆమె మాత్రం అరిచేది కాదు. కంబానికి చెవి పెట్టే ఆ పిల్ల తల్లే. వరసకు నాకు చిన్నమ్మ. చిన్నాయన ఫోన్ చేస్తే ఆమె రిసీవరు రెండు చేతులతో పట్టుకుని, "ఉన్నవా?" అనేది. అవతల ఆయన ఏమంటాడో గానీ, "నేను గూడ ఉన్న" అనేది. ఆపైన ఇద్దరూ ఊరికే ఉండేవాళ్లు. అత్తమ్మ కసురుకునేది. "ఏందే, మాట్లాడుండ్రి. లైను ఉత్తగ పోతుంది గద." చిన్నమ్మ సిగ్గుపడి నవ్వేది. ఆయన ఊపిరి వినడానికే ఆమె వచ్చేదని నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

ఇక కట్టడి సంగతి. అది అత్తమ్మ పెట్టించింది. మామ పోయిన కబురు టెలిగ్రాంలో వచ్చిందట. అత్తమ్మ బాయి దగ్గర నీళ్లు చేదుతుంటే, తెచ్చిన మనిషి నలుగురిలో పైకి చదివేశాడట. చేద బాయిలో పడిపోయింది. అత్తమ్మ అక్కడే, తడి బండల మీదే కూలబడింది. తన ఫోన్ అర్రలో ఏ ఆడమనిషికీ అట్లాంటి గతి పట్టకూడదని ఆమె పంతం. అందుకే సంఘంలో అందరూ ఒప్పుకుని నియమం చేశారు. చావు కబురు ఫోనులో చెప్పకూడదు. "బాగలేదు, రమ్మను" అనాలి, అంతే. విన్న మనిషి ఇంకేమీ అడగకూడదు. అడిగితే అవతలివాడు చెప్పాల్సి వస్తుంది గదా. సంఘం పెద్దలు ఇద్దరు ఆ ఇంటికి పోయి, ముందు నాలుగు మెతుకులు తినిపించి, తర్వాత మెల్లగా చెప్పాలి. కబురు తెలిశాక ఆ ఇంట్లో పొయ్యి వెలగదని ఆ జాగ్రత్త. భీవండిలో ఉన్న మా వాళ్లందరికీ ఈ నియమం తెలుసు. వాళ్లూ అట్లాగే చెప్పేవాళ్లు. ఊళ్లో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు, అయినా ఈ ఒక్క నియమం మాత్రం అందరూ నిలబెట్టారు.

ఒక మంగళవారం పొద్దెక్కాక భీవండి నుంచి ఫోను వచ్చింది. నాకు పదకొండేళ్లు ఉంటాయి. బడికి సెలవు, ఇంట్లో కండెలు చుడుతున్నాను. అత్తమ్మ నడుచుకుంటూ వచ్చి బాపు మగ్గం పక్కన కూర్చుంది.

"మూలింటాయనకు బాగలేదట. ఆమెను జల్ది పంపమన్నరు."

బాపు నాడె పక్కన పెట్టాడు. "ఎవరు చేసిండ్రు?"

"ఆయనతోటి ఉండే పిలగాడు. గొంతు వణుకుతుండె."

"ఇంకేమన్న అన్నడా?"

"నేనడుగలే," అంది అత్తమ్మ.

శుక్రవారం కాని రోజు ఫోను, వణికే గొంతు, బాగలేదన్న మాట. ఇంకేం కావాలి. తిరిగి ఫోను చేద్దామంటే ఆ పిల్లవాడు ఏదో వీధి ఫోను నుంచి మాట్లాడాడు, నంబరు లేదు. బాపు, ఇంకొక పెద్దమనిషి మూలింటికి పోయారు. వెనకనే మా అమ్మ అన్నం, పచ్చిపులుసు గిన్నెలో పెట్టుకుని పోయింది. చిన్నమ్మ రాట్నం ముందు కూర్చుని ఉంది. ఇద్దరు పెద్దమనుషులను, అన్నం గిన్నెను చూడగానే ఆమెకు తెలిసిపోయింది. మా ఊళ్లో ఎవరికైనా తెలిసిపోతుంది.

ఆమె ఏడ్చింది. తల బాదుకుంది. కానీ కాసేపటికి ఏడుపు ఆపి, లేచి నిలబడి బాపును అడిగింది. "ఏమన్నరు బావా ఫోన్ల? ఉన్న మాట చెప్పు."

"బాగలేదన్నరమ్మా."

"బాగలేదన్నరు గద. లేడనలే గద. నన్ను పొద్దుమీకి బొంబాయి బస్సెక్కించుండ్రి. నేను పోత."

ఆ మాట విని చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఇంకా ఎక్కువ ఏడ్చారు. పాపం, పిచ్చిది, ఇంకా ఆశ చావలేదు అనుకున్నారు. బాపు ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయి తీసేశాడు. "వద్దమ్మా. నువ్విటు నుంచి పోతవు, ఆళ్లటు నుంచి తోలుకొని బయలెల్లుతరు. తొవ్వల ఎదురెదురైతె ఎట్ల? మట్టి గీడ, నువ్వు గాడ అయితది. ఆగు. ఆయననే వస్తడు."

ఆ మాటలో తప్పేముంది. అంతకుముందు ఒకరి విషయంలో అట్లాగే జరిగింది కూడా. పెండ్లాం భీవండి చేరేసరికి శవం ఊరు చేరింది. బాపు తెలివిగల మనిషి, ఊరు ఆయన మాట వినేది. చిన్నమ్మ కూడా విన్నది. ఆ సాయంత్రం బస్సు ఆమె లేకుండానే పోయింది.

మంగళవారం, బుధవారం ఊరంతా ఎదురుచూశాం. మగ్గాలు ఆగిపోయాయి. వాడలో చప్పుడు లేకపోతే ఎంత భయమేస్తుందో అప్పుడే తెలిసింది. మగవాళ్లు వంతులేసుకుని పెద్ద రోడ్డు మీద నిలబడి ప్రతి బండినీ చూశారు. కట్టెలు కొట్టించి పెట్టారు. మూలింటి ముందు చిన్న పందిరి వేశారు. ఆ చిన్నపిల్ల కంబం దగ్గర నిలబడి చెవి ఆనించి ఉంది. నన్ను చూసి, "అక్కా, మా బాపు ఏమంటలేడు" అంది. నేను ఇంట్లోకి పారిపోయాను. ఆ తర్వాత నేను అబద్ధాలు చెప్పలేదని అనను గానీ, అట్లాంటివి చెప్పలేదు.

గురువారం పొద్దున మళ్లీ ఫోను వచ్చింది. అత్తమ్మకు అన్నం డబ్బా ఇవ్వడానికి పోయిన నేను గడప దగ్గర ఉన్నాను. ఆ పిల్లవాడు ఎంత గట్టిగా మాట్లాడాడంటే నాకూ వినపడింది.

"ఇంక బయలెల్లలేరా అత్తా? రెండొద్దులాయె. కండ్లు తెరిచినప్పుడల్ల దర్వాజ దిక్కే సూస్తుండు."

అన్ని ఏళ్లలో మొదటిసారి అత్తమ్మ నియమం తప్పింది. "ఉన్నడా కొడుకా?" అని అడిగింది.

"ఉన్నడు. జరం తలకెక్కింది, దవాఖానల పండవెట్టినం. గందుకే గద ఆమెను రమ్మన్నది."

ఆ పిల్లవాడిది వేరే ఊరు, మా నియమం వాడికి తెలియదు. అత్తమ్మ రిసీవరు పెట్టనైనా పెట్టలేదు. చెప్పుల్లేకుండా వీధి వెంట పరుగెత్తింది. ఆమె పరుగెత్తడం నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

బాపు, చిన్నమ్మ ఆ సాయంత్రం బస్సుకు బయలుదేరారు. శుక్రవారం మధ్యాహ్నానికి భీవండి చేరారు. చిన్నాయన ఆ పొద్దున్నే పోయాడు. సాంచెలకు సెలవు గనుక తోటివాళ్లందరూ మంచం చుట్టూ ఉన్నారట. పెండ్లాం లేదు. మూడు రోజులు ఆయన అడిగింది ఆమెనే. మర్నాడు తోలుకొచ్చారు. మంగళవారం కొట్టించి పెట్టిన కట్టెలు సిద్ధంగా ఉన్నాయి.

దినాలు అయిపోయాక సంఘం కూర్చుంది. అత్తమ్మ తాళంచెవి అందరి మధ్యలో పెట్టి, "నేనొక్క మాట అడిగితె అయిపోవు. నాతోని కాదిగ" అంది. ఎవరూ ఆమెను తప్పుపట్టలేదు. మంచికి పోతే చెడు ఎదురైందని ఒక పెద్దమనిషి ఓదార్చాడు. నన్నడిగితే, ఎవరైనా నాలుగు తిట్లు తిట్టి ఉంటే అత్తమ్మకు కాస్త నయంగా ఉండేది. బాపు తల వంచుకుని కూర్చున్నాడు.

అప్పుడు చిన్నమ్మ వచ్చింది. అరుగు కింద నిలబడి, "తాళంచెవి నాకియ్యుండ్రి" అంది.

బాపు తలెత్తాడు. "నీకు సదువు రాదు గదమ్మా."

"అంకెలొస్తయి. నూలు మీది నంబర్లు సూసి సూసి వచ్చినయి. మనిషి ఉన్నడా లేడా అడుగనీకి సదువెందుకు బావా?"

తాళంచెవి ఆమెకిచ్చారు.

ఆమె రిసీవరు ఎత్తితే మొదటి మాట అదే. అవతలివాడు "బాగలేదు" అనగానే, "ఉన్నడా, లేడా? ఉన్నది ఉన్నట్టు చెప్పు" అనేది. చెప్పేదాకా వదిలేది కాదు. ఉంటే ఏ దవాఖాన, ఏ మంచం, డాక్టరు ఏమన్నాడు, అన్నీ కనుక్కునేది. లేకపోతే అర్రకు తాళం వేసి, ఆ ఇంటికి తనే పోయేది. పెద్దమనుషులను పంపేది కాదు. ఎదురుగా కూర్చుని, చేతులు పట్టుకుని, ఒక్క మాటలో చెప్పేది. ఆ తర్వాత ఆ ఇంటి పిల్లలకు తనే వండిపెట్టేది. మొదట్లో ఊరు ఓర్చుకోలేదు. అది నోరా కొడవలా అన్నారు. చిన్నమ్మ వేళగాని వేళ వీధిలోకి వస్తే తలుపులేసుకున్నవాళ్లున్నారు. కానీ ఆమె చెప్పిన మాట పట్టుకుని ఉన్నపాటున బయలుదేరి, మనిషిని బతికుండగా చూసుకున్నవాళ్లు కూడా ఒక్కొక్కరే పెరిగారు.

అత్తమ్మ మళ్లీ ఫోను ముట్టలేదు. బాపు అయితే చిన్నమ్మ ఎదురైతే వేరే సందులోకి తిరిగిపోయేవాడు. ఆ బస్సు సంగతి ఇంట్లో ఎవరం ఎత్తేవాళ్లం కాదు.

నేను చదువుకుని కరీంనగర్ దగ్గర ఒక బడిలో టీచరునయ్యాను. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే ఊళ్లలోకి వస్తున్నాయి. ఫోన్ అర్రకు అవి చివరి రోజులు. ఒక రోజు పాఠం మధ్యలో ఆఫీసులోంచి పిలిచారు. అవతల చిన్నమ్మ.

"బిడ్డా, మీ బాపు సిద్దిపేట దవాఖానల ఉన్నడు. మీ తమ్ముడు ఫోన్ చేసి, అక్కకు, బాపుకు జర బాగలేదని చెప్పు, పరేషాన్ చెయ్యకు అన్నడు. నేను నీకట్ల చెప్ప. పానం ఉన్నది. రేపటిదాంక ఉండుడు కష్టమన్నరట. తెలివితోని ఉన్నడు, మాట్లాడుతుండు. గిప్పుడే ఎల్లు. ఏడిస్తె బస్సుల ఏడువు."

నేను బస్సులోనే ఏడ్చాను. మధ్యాహ్నానికి దవాఖాన చేరాను. బాపు మర్నాడు పొద్దున పోయాడు. ఆ మధ్య కాలమంతా ఆయన పక్కనే ఉన్నాను.

దినాలు అయ్యాక ఫోన్ అర్రకు పోయాను. చిన్నమ్మ జుట్టు తెల్లబడింది. నన్ను చూసి కుర్చీలోంచి లేచి, నేల మీద కూర్చుని, నన్నూ కూర్చోమంది.

"కడసూపు దక్కిందా బిడ్డా?"

"దక్కింది చిన్నమ్మా. మాట్లాడిండు."

"ఏమేమన్నడు? అన్ని చెప్పు."

చెప్పాను. నన్ను చూడగానే బస్సు దొరికిందా అన్నాడని, మంచినీళ్లు తియ్యగా ఉన్నాయన్నాడని, మగ్గం మీద పడుగు మిగిలిపోయింది ఎవరికైనా ఇమ్మన్నాడని, నా చెయ్యి తన రొమ్ము మీద పెట్టుకున్నాడని. చివరి మాట దగ్గర ఆగిపోయాను. చెప్పాలా వద్దా తేల్చుకోలేకపోయాను. ఆమె నా మొహంలోకే చూస్తూ ఉంది.

"దాయకు బిడ్డా," అంది.

"నీ గురించి అన్నడు చిన్నమ్మా. 'బాగలేదన్నరు గద, లేడనలే గద అన్నది. ఇనకపోతి. ఆమెను బస్సెక్కనియ్యకపోతి' అన్నడు. రెండుసార్లన్నడు."

చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఊళ్లో ఎన్నో చావులు తన నోటితో చెప్పిన మనిషి, ఎవరి ముందూ కన్నీరు పెట్టనిది, వెక్కివెక్కి ఏడ్చింది. నేను ఆమె చేతులు పట్టుకున్నాను. చాలాసేపటికి కళ్లు తుడుచుకుని నావైపు తిరిగింది.

"మొదటి నుంచి ఇంకోసారి చెప్పు బిడ్డా," అంది.